ఒక్కపొద్దు అని అడగలేదు

మెట్టుగూడ, సికింద్రాబాద్
జనవరి 4

కల్పలత గారికి,

‘గారు’ అన్నందుకు కోపం వస్తే రానీ. మొన్న ఫోన్ మధ్యలో పెట్టేశావు. నిన్న ఎత్తనే లేదు. పైగా అమ్మకు చేసి, “వాన్కి ఫోన్ల నోరాగది వదినా, ఏమున్నా కాగితం మీద అరువుమను, సదువుత” అన్నావట. సరే, అరుస్తున్నాను. ప్రెస్సులో పనిచేసేవాడికి కాగితం కరువా?

నువ్వు బరువు తగ్గే ఇంజెక్షన్ తీసుకోబోతున్నావని అమ్మ చెప్పింది. నువ్వా, అత్తమ్మా? కాజీపేట ఆడపిల్లల హాస్టల్లో పురుగుపట్టిన కందిపప్పు బస్తాను గేటు దాటనివ్వకుండా వెనక్కి పంపిన మనిషివి. “పిల్లలు తినేది నేను ముందు తింట, ఇది నేను తిన” అని కాంట్రాక్టరు ముఖం మీదే అన్నావు. ఆ కథ నేను మా సంఘం మీటింగుల్లో ఎంతమందికి చెప్పానో నీకు తెలియదు. అలాంటి నువ్వు సినిమావాళ్ళలాగా సన్నబడటానికి సూది పొడుచుకుంటావా?

నేను చదవకుండా మాట్లాడటం లేదు. పోయిన నెల మేమే ఒక కరపత్రం అచ్చువేశాం. ప్రూఫులు నేనే దిద్దాను. ముందు చక్కెర నీళ్ళు సీసాల్లో పోసి అమ్ముతారు, ఒళ్ళు పెంచుతారు, ఆ ఒళ్ళు కరిగిస్తామని మళ్ళీ వాళ్ళ అన్నదమ్ములే మందు అమ్ముతారు. ఇది వ్యాపారం కాకపోతే ఏమిటి? నీలాంటి కష్టజీవి ఒంటిమీద కూడా వాళ్ళ కన్ను పడిందంటే నాకు ఒళ్ళు మండదా?

ఇంకొకటి. మన వీధిలో హెన్రీ తెలుసు కదా, పొద్దున్నే డంబెల్స్ ఎత్తుతూ పాటలు పెట్టేవాడు. జిమ్‌లో ఎవడో చేతిలో పెట్టిన ఇదే మందు సీసా తెచ్చి, చీటీ లేదు, డాక్టరు లేడు, ఎంత పొడుచుకోవాలో ఫోన్‌లో వీడియో చూసి పొడుచుకున్నాడు. వాంతులు ఆగలేదు. వాళ్ళమ్మ ఏడుస్తూ వస్తే ఆటోలో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళింది నేనే. దారంతా నా చొక్కా పట్టుకుని “భాయ్, నేను సచ్చిపోతున్ననా” అని అడుగుతూనే ఉన్నాడు. ఇప్పుడు బాగానే ఉన్నాడు. నేను బాగాలేను.

ఆ సీటులో నువ్వు కూర్చున్నట్టు కనబడుతోంది నాకు. ఇంతకంటే రాయలేను.

భానుప్రకాశ్


కాజీపేట
జనవరి 9

కోపిష్టి మేనల్లుడికి,

ఉత్తరం అందింది. మా వాచ్‌మన్ దాన్ని అటూ ఇటూ తిప్పి, “గిప్పుడు సుత ఉత్తరాలు రాసేటోళ్ళున్నరా అక్కా, కోర్టు నోటీస్ అనుకున్న” అన్నాడు. లోపల చదివితే నిజంగానే నోటీసులాగే ఉంది.

ముందు సినిమావాళ్ళ సంగతి. ఒరేయ్, నలభై ఎనిమిదేళ్ళ వంటమనిషిని నేను. నన్ను చూసేది పిల్లలు, వాళ్ళు చూసేది నా గంటెను. నా నడుము ఎంతుంటే ఎవరికి కావాలి?

దసరా సెలవుల తర్వాత ఒకరోజు అన్నం గంజు దించుతున్నా. కుడి మోకాలు పట్టు తప్పింది. గంజు ఒరిగి గంజి అంతా నేలమీద పారింది. అంతకుముందే అక్కడ ఒక పిల్ల నిలబడి మంచినీళ్ళు పట్టుకుపోయింది. ఆ పిల్ల ఇంకాస్త సేపు నిలబడి ఉంటే ఏమయ్యేది?  వార్డెన్ మేడమ్ మంచిదే. “స్టోరు తాళాలు చూసుకో కల్పలతా, పొయ్యి దగ్గర ఇంకొకరిని పెడతా” అంది. కుర్చీలో కూర్చుని బస్తాలు లెక్కపెట్టాలట. పొయ్యి దగ్గర నుంచి నన్ను లేపడమంటే నన్ను బతికుండగానే పక్కకు పెట్టడమే. ఎండాకాలం సెలవుల దాకా గడువు అడిగాను.

మోకాలి డాక్టరు బరువు దించమన్నాడు. షుగర్ ఎనిమిదేళ్ళ నుంచి ఉంది. నడిచాను, అన్నం తగ్గించాను. బరువు కదలలేదు. అందుకే సికింద్రాబాద్ వచ్చి బ్యూలా డాక్టరమ్మను కలిశాను. నీ ఇంటికి రాకుండా వెళ్ళిపోయింది నీ నోటికి భయపడే.

ఆమె మందు రాసివ్వలేదురా. ముందు ప్రశ్నలు వేసింది. కడుపులో ఎప్పుడైనా వీపు దాకా గుంజే నొప్పి వచ్చిందా, పిత్తాశయంలో రాళ్ళున్నాయా, ఇంట్లో ఎవరికైనా గొంతు దగ్గర థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిందా అని. “థైరాయిడ్ మా వదినకుంది” అన్నా. “అది గోలీ వేసుకునే థైరాయిడ్, నేనడిగేది క్యాన్సర్” అని విడదీసి చెప్పి మళ్ళీ అడిగింది. మనింట్లో లేదు. కిడ్నీకి రక్తం, మూత్రం తీయించింది. షుగర్ ఉంది కాబట్టి కంటి వెనక పొర చూపించుకుని రమ్మంది. చివరికి, “ఉపవాసాలేమైనా ఉంటారా?” అంది. “వంటదాన్ని, నాకేం ఉపవాసాలమ్మా” అన్నా. ఇద్దరం నవ్వుకున్నాం.

అవన్నీ తేలాకే మందట. హెన్రీ పోయిన దారి వేరు, నేను పోయే దారి వేరు. ఇంకా అరవాలనుంటే అరువు. కానీ ‘గారు’ తీసెయ్యి, పరాయిదానిలాగుంది.

నీ అత్త
కల్పలత


మెట్టుగూడ
జనవరి 18

అత్తమ్మా,

‘గారు’ తీసేశాను.

గంజు సంగతి అమ్మకు కూడా చెప్పలేదట నువ్వు. ఉత్తరం ప్రెస్సులోనే చదివాను. మా ఓనరు చాంద్‌పాషా భాయ్ నా ముఖం చూసి, “ఏందిరా, ఇయ్యాల మిషన్ ఒక్కటే సప్పుడు చేస్తుంది, నువ్వు చేస్తలేవు, తబియత్ ఖరాబా?” అన్నాడు. చెప్పాను. ఆయనకూ షుగరే. “మీ అత్త సమజ్‌దార్ మనిషి. మందుకంటే ముందు పరీక్షలంటే దిమాగ్ ఉన్న డాక్టర్ దగ్గర పడ్డది. నువ్వే బేకార్ పరేషాన్” అన్నాడు.

వ్యాపారం గురించి నేనన్నదాంట్లో ఒక్క అక్షరం వెనక్కి తీసుకోను. కానీ నీ గురించి అన్నది మొత్తం వెనక్కి తీసుకుంటున్నాను. వేడి గంజి పిల్ల మీద పడుతుందేమోనని తన ఒంటిని సరిచేసుకోవడానికి బయలుదేరిన మనిషికి అద్దం పిచ్చి ఉన్నట్టు నేను మాట్లాడాను. నాకే సిగ్గేసింది.

అయినా నేను ఊరికే కూర్చునే రకం కాదు కదా. ఆ మందు పెట్టెలో మడతపెట్టి ఒక కాగితం ఉంటుంది, దాన్ని చదవాల్సిందే అనిపించింది. స్టేషన్ దగ్గర పెద్ద మందుల షాపుకు పోయాను.

“మందొద్దన్నా, లోపలి కాగితం ఇయ్యి చాలు” అన్నాను.

“కాగితం కావాల్నంటే పెట్టె కొనాలె. పెట్టె కొనాల్నంటే డాక్టర్ చీటీ ఉండాలె. చీటీ ఉందా?”

“లేదు.”

“అయితే జరుగు, ఎనకోళ్ళున్నరు.”

అత్తమ్మా, జీవితంలో మొదటిసారి ఒక దుకాణదారు నన్ను కసిరితే నాకు ఆనందం కలిగింది. చీటీ లేకుండా పెట్టె ముట్టుకోనివ్వనివాడు! హెన్రీకి వీడు దొరికుంటే బాగుండేది. అతని చేయి పట్టుకుని ఆ మాటే చెప్పాను. వాడు మెత్తబడి, రద్దీ తగ్గాక ఒక కాగితం కౌంటరు మీద పరిచి అక్కడే నిలబడి చదువుకోమన్నాడు. పరిస్తే తువ్వాలంత ఉంది. చీమతలకాయంత అక్షరాలు. మేము ఇలా అచ్చేస్తే చాంద్‌పాషా భాయ్ మమ్మల్ని తరిమేస్తాడు. కానీ నేను చదివిన కరపత్రాలన్నిటిలో తన తప్పులు తానే చెప్పుకున్న కరపత్రం ఇదొక్కటే.

నాకర్థమైంది రాస్తున్నాను. ఈ మందు కడుపు నుంచి తిండి కదలడాన్ని నెమ్మదిస్తుంది, అందుకే ఆకలి తగ్గుతుంది. చిన్న మోతాదుతో మొదలుపెట్టి ఒళ్ళు అలవాటుపడ్డాక పెంచాలి. తొందరపడి పెంచుకుంటే హెన్రీ గతే. ఆగని వాంతులు, విడవని కడుపునొప్పి వస్తే ఇంట్లో కూర్చోకూడదు. ఇంకో మాట. కొన్ని షుగర్ గోలీలతో కలిస్తే షుగర్ మరీ కిందికి పడిపోవచ్చట. నువ్వు వేసుకునే గోలీలు డాక్టరమ్మకు చూపించావా? పేరు చెప్పడం కాదు, అట్టలు పట్టుకెళ్ళి చూపించు.

నీ మేనల్లుడు
భాను


కాజీపేట
ఫిబ్రవరి 7

భానూ,

నువ్వు అడిగావని గోలీల అట్టలు, బీపీది, షుగర్‌ది, మోకాలి నొప్పిది, అన్నీ ఒక డబ్బాలో వేసుకుని పోయా. డాక్టరమ్మ ఒక్కొక్కటి వెలుతురుకు పట్టి చూసింది. “ఎవరు తెమ్మన్నారు?” అంది. “మా అన్న కొడుకు. కోపం ఎక్కువ, చదువు ఎక్కువ” అన్నా. షుగర్ గోలీ పక్కన పెట్టి, “ఇది సూదితో కలిస్తే షుగర్‌ను బాగా దించుతుంది, సూది మొదలైన రోజు నుంచి సగమే వేసుకోవాలి, అదీ తిండితోనే” అని రాసిచ్చింది. నొప్పి గోలీ ఇష్టమొచ్చినట్టు మింగొద్దంది. కిడ్నీ బాగుంది. కన్ను బాగుంది. మందు రాసింది.

నర్సు క్యారల్ నేర్పింది. చిన్న పిల్ల, కానీ మాటలు మిరపకాయలు. మందు లేని సూది పెన్ను, ఒక మెత్తటి దిండు ఇచ్చి, “పొడువుండ్రి ఆంటీ” అంది. నేను గట్టిగా పొడిచా. “అయ్యో, బెండకాయ గాదు ఆంటీ, కోస్తలేరు మీరు. నిలువుగా పెట్టి నొక్కి, లెక్కపెట్టి, అప్పుడు తియ్యాలె” అంది. బొడ్డు చుట్టూ కొంచెం ఎడం వదిలి, వారం వారం చోటు మార్చాలి. సూది మొన ప్రతిసారీ కొత్తది. వాడిన మొనలు చెత్తబుట్టలో వేయొద్దు, మూత ఉన్న గట్టి డబ్బాలో వేసి ఆసుపత్రికే తిరిగివ్వాలి. మా చెత్త ఎత్తే ఆమె చేతికి గుచ్చుకుంటుంది కదా, ఆ మాట నాకు నచ్చింది.

పెన్ను ఫ్రిజ్‌లో ఉండాలి, గడ్డకట్టకూడదు. రైల్లో మంచు సంచికి తగలకుండా తువ్వాలు చుట్టి తెచ్చా. హాస్టల్ ఫ్రిజ్‌లో పాలు, పెరుగు, పిల్లల చాక్లెట్లు. పెన్ను డబ్బా మీద ‘కాకరకాయ రసం’ అని రాసి పెట్టా. ఒక్క పిల్ల కూడా చేయి పెట్టదు.

తిండి కూడా సర్దుకుంటున్నా. చిన్న గిన్నె తెచ్చుకున్నా. పప్పు, గుడ్డు ముందు, అన్నం తర్వాత. నీళ్ళ సీసా పొయ్యి పక్కనే. పెళ్ళి వంటకు ముందురోజు సామానంతా వరసగా పేర్చుకుంటాం చూడు, అట్లా పేర్చుకున్నా. వంట సగంలో ఉప్పు కోసం వెతికే అలవాటు నాకు లేదు.

వచ్చే శనివారం మొదటి సూది. స్వామి వారం, మంచిరోజు. ఆ రోజు నాకు ఒక్కపొద్దు కూడా. కడుపు ఖాళీగా, శుభ్రంగా ఉంటుంది కాబట్టి మందు బాగా పడుతుందనుకుంటున్నా. శనివారాలు పదకొండు దాటాక చేతులు కొంచెం వణికి చెమట పడుతుంది గానీ అది పొయ్యి సెగ. చాయ్‌తో గోలీ వేసుకుని, రాత్రి భోజనం దాకా ఎట్లాగో గడిచిపోతుంది.

ఇక అరవడానికి ఏమీ మిగల్చలేదు నీకు.

నీ అత్త


మెట్టుగూడ
ఫిబ్రవరి 11

అత్తమ్మా,

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. రోజూ కాజీపేట బడికి రైల్లో వచ్చే డోరా టీచరు చేతికి ఇస్తున్నాను, నీ చేతిలోనే పెట్టమన్నాను. పొద్దున ఫోన్ చేస్తే “ఒక్కపొద్దు ఏందే” అని నేను అరిచీ అరవకముందే పెట్టేశావు. తప్పు నాదే. ఈసారి అరవను, చదువు.

శనివారం సూది వేసుకోకు.

నీ ఉత్తరం ప్రెస్సులో చదువుతున్నాను. ఎదురుగా చాంద్‌పాషా భాయ్ టోపీ సర్దుకుని బయటికి వెళ్తున్నాడు. ఎక్కడికి అన్నాను. “రంజాన్ రోజాలొస్తున్నయి గదరా. డాక్టర్ దగ్గరికి పోయి షుగర్ గోలీల టైమ్ మార్పిచ్చుకోవాలె. పోయిన యాడాది మార్పిచ్చుకోక ఖాళీ కడుపు మీద ఏసుకున్న. చేతులు లబలబ వణికినయ్, చెమటలు, కండ్ల ముందట అంధేరా. ఈడనే, గీ పేపర్ కట్టల మీదనే పడ్డ” అన్నాడు.

చేతులు వణకడం. చెమట. నీ ఉత్తరంలో అదే మాట నా వేలి కింద ఉంది.

అది పొయ్యి సెగ కాదు అత్తమ్మా. మిగతా ఆరు రోజులూ అదే పొయ్యి, అదే సెగ. శనివారమే ఎందుకు వణుకుతావు? తిండి లేకుండా షుగర్ గోలీ వేసుకుంటున్నావు కాబట్టి.

నేరుగా క్లినిక్‌కు పోయాను. కోపంగానే పోయాను, అబద్ధమాడను. “మా అత్త ప్రతి శనివారం ఖాళీ కడుపుతో ఉంటుంది, మీరు కనుక్కోకుండా సూది ఎట్లా రాశారు?” అన్నాను. బయట కూర్చున్నవాళ్ళంతా తలలు తిప్పారు. డాక్టరమ్మ కుర్చీ చూపించింది.

“మీ అత్తమ్మ విషయం మీ అత్తమ్మతోనే మాట్లాడతాను, నీతో మాట్లాడను. నువ్వు చెప్పేది మాత్రం వింటాను. ఖాళీ కడుపు అంటే?”

“ఒక్కపొద్దు. పగలంతా చాయ్ నీళ్ళే. రాత్రి ఒక్కపూట భోజనం.”

ఆమె కళ్ళజోడు తీసింది. “ఉపవాసాలు ఉంటారా అని నేను అందరినీ అడుగుతాను.”

“మీరు ఉపవాసం అని అడిగారు. ఒక్కపొద్దు అని అడగలేదు. మా ఇళ్ళల్లో ఉపవాసమంటే శివరాత్రి. ఒక్కపొద్దు ఉపవాసం కాదు, అది శనివారం.”

నేను దెబ్బలాటకు సిద్ధంగా ఉన్నాను. ఆమె దెబ్బలాడలేదు. “నిజమే. ఆ మాట నేను అడగాల్సింది” అని అక్కడికక్కడే తన దగ్గరున్న ప్రశ్నల కాగితం మీద రాసుకుంది. తప్పు చూపిస్తే రాసుకునే పెద్దవాళ్ళను నేను ఎంతమందిని చూశాను? అక్కడ నా కోపం కాలు జారింది.

ఇప్పుడే ఆమెకు ఫోన్ చెయ్యి. నాకు కాదు, ఆమెకు. ఒక్కపొద్దు మానేస్తానని చెప్పు, అయిపోతుంది. చిన్న విషయమే కదా?

భాను


కాజీపేట
ఫిబ్రవరి 16

భానూ,

డోరా టీచరు పొయ్యి దాకా వచ్చి నా చేతిలోనే పెట్టింది. “మీ మేనల్లుడు ప్లాట్‌ఫారం మీద ఒట్టు వేయించుకున్నాడు” అంది.

డాక్టరమ్మకు ఫోన్ చేశా. శనివారం సూది వేసుకోలేదు. నువ్వన్నదే ఆమె అంది. వణుకు షుగర్ పడిపోవడమే. ఇన్ని శనివారాలు ఏమీ కాకపోవడం అదృష్టమంది. మళ్ళీ వణికితే వెంటనే చక్కెర నీళ్ళు తాగి, తర్వాత ఏదైనా తినమంది. సూది మొదలుపెడితే గోలీ సగం చేసినా, కొత్తలో వికారం ఉంటుంది, తిండి తగ్గుతుంది, దానికి తోడు పగలంతా ఖాళీ కడుపుతో పొయ్యి దగ్గర నిలబడితే పడిపోతావంది. మరిగే గంజుల మధ్య పడిపోవడమంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మోతాదు కుదురుకునే దాకా ఏ పూటా మానొద్దు, తర్వాత చూద్దాం అంది.

కానీ నువ్వు చిన్న విషయం అన్నావు. చిన్నది కాదురా.

నేను ఒక్కపొద్దు ఊరికే ఉండటం లేదు. రెండేళ్ళ కింద నువ్వు ఆ కూలీల మీటింగులో మేస్త్రీ మీదికి కుర్చీ ఎత్తి, వాళ్ళ చేతిలో దెబ్బలు తిన్నావు. తలకు కుట్లు పడ్డాయి. నువ్వు కళ్ళు తెరవలేదు. అన్న ఆసుపత్రి గోడకు ఆనుకుని నేలమీద కూర్చున్నాడు, లేపినా లేవలేదు. నాకు చేతనైంది ఒక్కటే. “స్వామీ, వీడిని లేపు. వీడి కోపం తగ్గేదాకా శనివారం శనివారం ఒక్కపొద్దు ఉంటా” అన్నా. నువ్వు లేచావు. కోపం తగ్గలేదు. అందుకే ఇంకా ఉంటున్నా.

నీకు చెప్పలేదు. చెబితే మూఢనమ్మకమని పన్నెండు పేజీలు అచ్చేస్తావు.

ఇప్పుడు నా ఒంటికి సౌకర్యంగా లేదని ఇచ్చిన మాట ఎట్లా తీసుకోను? పని తీరాక మాట మరిచే మనిషినా నేను? రెండు రోజులు ఆలోచించా. సూదే వద్దనుకుంటున్నా. పెన్ను ఫ్రిజ్‌లోనే ఉంది, తెరవలేదు. తిరిగి తీసుకుంటారేమో షాపులో కనుక్కో. స్టోరు తాళాలు తీసుకుంటానని వార్డెన్ మేడమ్‌కు ఈ నెలాఖరున చెబుతా. కూర్చుని కూడా బతకొచ్చు.

కోప్పడకు. నీ మీద కోపంతో రాయడం లేదు ఇది.

నీ అత్త


మెట్టుగూడ
ఫిబ్రవరి 22

అత్తమ్మా,

నాలుగుసార్లు మొదలుపెట్టి చింపాను. మొదటి మూడింట్లో తిట్లున్నాయి. నాలుగోదాంట్లో ఏడుపుంది. ఇది ఐదోది.

నాకు దేవుడి మీద నమ్మకం లేదు. నీకు తెలుసు. నన్ను లేపింది కుట్లు వేసిన డాక్టరని ఇప్పటికీ అంటాను. కానీ నువ్వు ఇచ్చిన మాట మీద నాకు నమ్మకం ఉంది. పురుగుపప్పు వెనక్కి పంపినప్పుడు నిన్ను చూసి పొంగిపోయాను, అది ఒక్కరోజు పని. రెండేళ్ళుగా ప్రతి శనివారం అన్నం వాసనల మధ్య నిలబడి, అందరికీ వడ్డించి, నువ్వు తినకుండా ఉన్నావు. అదీ నా పేరు మీద, నాకు చెప్పకుండా. ఇలాంటి పట్టుదల ఉన్న మనిషి మా సంఘంలో ఒక్కరుంటే మేము ఎప్పుడో గెలిచేవాళ్ళం.

ఉత్తరం నాయనమ్మకు చదివి వినిపించాను. నువ్వు ఆమె కూతురివి కదా, దారి ఆమెకు తెలుస్తుందనిపించింది. నాన్న కూడా అక్కడే ఉన్నాడు, తల ఎత్తలేదు. నాయనమ్మ తమలపాకు మడత పెడుతూ నా వైపు తిరిగింది.

“మొక్కు ఎవని పేరున?”

“నా పేరున.”

“మరి ఎవడు మొయ్యాలె? దానికి ఒంట్ల బాగలేనప్పుడు నువ్వు మొయ్యాలె. ఒక్క ఇంటి మొక్కు, ఎవలు ఎత్తుకున్నా స్వామికి ముట్టుతది. మీ తాత కొండకు మొక్కిండు, కాలిరిగితే మీ నాయన నడిచిండు. స్వామి కాదన్నడా?”

“నేను నమ్మను నాయనమ్మా.”

“నిన్ను నమ్మమన్ననా? తినకుమన్న.”

అత్తమ్మా, ఇంత సూటి వాదన నేను ఏ కరపత్రంలోనూ చదవలేదు. 

నిన్న శనివారం. ఒక్కపొద్దు నేనున్నాను. పొద్దున చాయ్, తర్వాత నీళ్ళు. నాకు షుగర్ లేదు, గోలీలు లేవు, భయపడకు. చాంద్‌పాషా భాయ్‌కి రోజా. మధ్యాహ్నం ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని పెళ్ళిపత్రికలు మడతపెడుతున్నాం. ఒక్కొక్క పత్రిక మీద విందు, విందు అనే ఉంది. ఆయన నన్ను తేరిపారా చూసి, “నువ్వేందిరా డబ్బా తెరుస్తలేవు?” అన్నాడు. చెప్పాను. ఆయన నవ్వు ఆపుకోలేక మిషన్ ఆపేశాడు. “దేవుడు లేడని నా ప్రెస్సులనే అచ్చేసి, నా ప్రెస్సులనే ఒక్కపొద్దా! యా అల్లా, ఇగ ఏం సూడాలె నేను!” మూడింటికి ఒక కస్టమరు వచ్చి పత్రికలో అచ్చుతప్పు మనదేనని దబాయించాడు. అరవడానికి నోరు తెరిచాను. ఓపిక లేదు. “సరే సార్, మళ్ళీ వేసిస్తాం” అన్నాను. భాయ్ కళ్ళు పెద్దవయ్యాయి. పొద్దుగూకి మగ్రిబ్ నమాజు వేళకు తన ఖర్జూరాల్లోంచి రెండు నా చేతిలో పెట్టి, “తియ్, నీదెవరి దేవుడో గానీ, ఆకలి ఒక్కటే” అన్నాడు. రాత్రి ఇంటికొచ్చి భోంచేశాను.

నీ మాట ఎక్కడా తప్పలేదు. మొక్కు నడుస్తోంది, మనిషి మారాడంతే. నీ ఒళ్ళు కుదురుకునే దాకా ఇది నాది. ఒకవేళ నేను మధ్యలో వదిలేస్తానని అనుమానముంటే నాయనమ్మను కాపలా పెట్టుకో, ఇప్పటికే కాపలా కూర్చుంది.

బ్యూలా డాక్టరమ్మ దగ్గరికి మళ్ళీ పోయాను. ఈసారి నిదానంగానే. తన ప్రశ్నల కాగితాన్ని పెద్ద అక్షరాల్లో అచ్చేసి ఇస్తానన్నాను, వెయిటింగ్ గదిలో పెట్టుకోవడానికి. ‘ఉపవాసం, ఒక్కపొద్దు, రోజా, శుక్రవారం, ఏకాదశి, పేరు ఏదైనా సరే, తినకుండా ఉండే రోజు ఉంటే సూదికి ముందే చెప్పండి’. ఆ వాక్యం నేను రాశాను. ఆమె ఒక్క మాట కూడా మార్చలేదు.

షాపుకు పోయి పెన్ను తిరిగి తీసుకుంటారా అని నేను అడగలేదు. అడగను.

శనివారం పొద్దున తిను. తిన్నాకే గోలీ సగం. తర్వాత సూది. నా ఆకలి వృథా చేయకు.

నీ మేనల్లుడు
భాను


కాజీపేట
మార్చి 1

భానూ,

డాక్టరమ్మకు అంతా చెప్పా.  “మీ మేనల్లుడు కూర్చున్న కుర్చీ ఇంకా వేడిగానే ఉందమ్మా. మొదలుపెట్టండి” అంది.

నిన్న మొదలుపెట్టా. చేతులు కడుక్కుని, కొత్త మొన తగిలించి, కుర్చీలో కూర్చుని. వార్డెన్ మేడమ్ పక్కనే నిలబడింది. నాకంటే ఆమే ఎక్కువ భయపడింది. చీమ కుట్టినంత కూడా తెలియలేదు. వాడిన మొన మూత డబ్బాలో వేశా. ఈరోజు కొంచెం వికారంగా ఉంది. నర్సు క్యారల్ ముందే చెప్పింది కాబట్టి పరేషాన్ కాలేదు, మెల్లగా మజ్జిగ తాగుతున్నా. తేడాగా అనిపిస్తే ఎక్కడికి ఫోన్ చేయాలో నంబరు ఫ్రిజ్ మీద అంటించా. స్టోరు తాళాలు వద్దని మేడమ్‌తో చెప్పేశా. “నీ పొయ్యి నీకే ఉంటది, పో” అంది.

ఇంకొక మాట. మొక్కుకున్నది నీ కోపం తగ్గేదాకా. ఇప్పుడు మోసేది నువ్వే. అంటే ఎప్పుడు దించుకోవాలో నీ చేతిలోనే ఉంది. చాంద్‌పాషా భాయ్‌ని సాక్షిగా పెడుతున్నా.

శనివారం పొద్దున పిల్లలకు ఇడ్లీ. రెండేళ్ళ తర్వాత శనివారం ఇడ్లీ రుచి చూశా. ఒకటి తిన్నా. అక్కడ నువ్వు చాయ్ నీళ్ళ మీద ఉంటావని గుర్తొచ్చి రెండోది తుంచకుండా ఆగిపోయా. ప్లేటు పక్కన పెట్టబోయా. నీ ఆకలి వృథా చేయొద్దన్నావు కదా, నీళ్ళు తాగి, అదీ తిన్నా.

నీ అత్త
కల్పలత